ఖాళీ కాని ఫోల్డరు

జూన్ 3, మంగళవారం

కోడలికి ‘అమర్చాను’ అన్న మాట రాదు. “సెట్ చేశా మామయ్యగారూ” అంటుంది. ఏం చేసిందని అడిగితే మూడు వాక్యాలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయదు. నా పాత కంప్యూటరును నడిపే వ్యవస్థను మార్చి లైనక్స్ వేసింది. ఆ ఒక్క పని మాత్రం బాగా చేసిందని ఒప్పుకోక తప్పదు. ముప్పై ఆరేళ్లు తెలుగు చెప్పినవాడికి లైనక్స్ నచ్చడంలో వింత లేదు. నల్లని తెర మీద ఆజ్ఞను పొల్లు పోకుండా టైపు చేస్తే అది పని చేస్తుంది. ఒక్క చుక్క తప్పితే చేయదు, బతిమాలినా చేయదు. నా తరగతీ అలాగే నడిచేది.

మా పాఠశాలకు అరవై ఏళ్లు నిండాయి. జూలై 12న దానిని మూసివేసి పెద్ద బడిలో కలుపుతారు. ఆ రోజున పాఠశాల చరిత్ర పుస్తకంగా రావాలని నిర్ణయమైంది. ముద్రణాలయానికి జూన్ 30 లోగా అందాలి. సంపాదకుణ్ణి నేను. సహరచయిత నా బావమరిది. అతడు అదే బడిలో భూగోళం చెప్పాడు. ముప్పై ఏళ్లు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. అతడి అక్కను పెళ్లి చేసుకున్నందుకు ఇంటికి వచ్చాక కూడా అతడి వాక్యాలు వినవలసి వచ్చింది. ఇప్పుడు బస్సులో మూడు గంటల దూరంలో ఉంటున్నాడు గనుక మా ఇద్దరి రాతలూ క్లౌడ్‌లో పెడుతున్నాము.

క్లౌడ్ అంటే మరెవరిదో కంప్యూటరు. అక్కడి పుస్తకాన్ని ఇక్కడి ఫోల్డరులో ఉన్నట్టుగా చూపించడాన్ని మౌంట్ చేయడం అంటారు. ఇంట్లో ఒక ఖాళీ అలమర పెట్టి, తలుపు తీస్తే పొరుగూరి గ్రంథాలయం కనబడేట్టు చేయడం వంటిది. పొద్దున కంప్యూటరు పెట్టగానే అది తనంతట తానే జరిగేట్టు చూస్తానని కోడలు అన్నది. నేనే చేసుకుంటానన్నాను.

“వైఫై రాకముందే మౌంట్ చేయబోతే ఫెయిలవుతుంది మామయ్యగారూ. నెట్ వచ్చేదాకా ఆగమని ఒక లైను రాయాలి. ఫెయిలైతే ఫోల్డరు ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు అందులో...”

“అమ్మా, వాక్యం ‘అప్పుడు అందులో’ అని ముగియదు.”

“ఏం పెట్టకండి” అని ముగించి ఆఫీసుకు వెళ్లిపోయింది.

జూన్ 4, బుధవారం

ఒక వెబ్ పేజీ చూసి నేనే చేశాను. రాసినవాడికి భాష రాదు గాని పని వచ్చు. తొమ్మిది పంక్తులు. కంప్యూటరును ఆపి మళ్లీ పెట్టాను. ఫోల్డరులో పుస్తకమంతా ప్రత్యక్షమైంది. నెట్ కోసం ఆగమనే పంక్తిని వదిలివేశాను. మా ఇంట్లో వైఫై ఎప్పుడూ ఉంటుంది. లేనిదానికోసం కదా ఆగడం.

భార్యను పిలిచి చూపించాను. “ఇదివరకు కూడా కనపడేవి కదండీ” అన్నది.

జూన్ 6, శుక్రవారం

బావమరిది ఏడవ అధ్యాయం చదివాను. పేరు ‘పిల్లలు’. ఇరవై ఒక్క పేజీలలో ఏడు వాక్యాలు నిలబడతాయి. ఒక్కొక్కటి పేరాకు ఈ చివర బయలుదేరి ఆ చివరకు చేరేసరికి తన కర్త ఎవరో తానే మరచిపోతుంది. ముప్పై ఏళ్లు పిల్లలకు నదుల దారి చూపినవాడికి వాక్యం దారి తెలియకపోవడం విచారకరం.

అందులో ఒక సంఘటన ఉంది. ఇరవై రెండేళ్ల కిందట పదవ తరగతి అమ్మాయి ఒక వ్యాసం రాసిందట. ఆ వయసు పిల్ల అంత బాగా రాయడం అసాధ్యమని, ఏదో పుస్తకం చూసి ఎత్తిరాసిందని, ఒక ఉపాధ్యాయుడు దాన్ని తరగతి ముందు చింపాడట. పిల్ల పదకొండు రోజులు బడికి రాలేదట. బావమరిది వాళ్లింటికి వెళ్లి చిత్తుపుస్తకం చూశాడట. అందులో ఆ వ్యాసం నాలుగుసార్లు కొట్టివేతలతో, దిద్దుబాట్లతో ఉందట. పిల్లను తిరిగి తీసుకువచ్చాడట.

ఉపాధ్యాయుడి పేరు రాయలేదు గనుక నాకు అభ్యంతరం లేదు. శైలి కారణంగా మాత్రమే అధ్యాయాన్ని పుస్తకంలోంచి తీసి, నా కంప్యూటరులో వేరే చోట పక్కన పెట్టాను.

జూన్ 7, శనివారం

అతడి ఫోను.

“బావా, ఏడో అధ్యాయం కనపడట్లేదు.”

“పరిశీలనలో ఉంది.”

“పరీక్ష పేపరా అది, పరిశీలించడానికి? సరే కానీ, పాత ఫైళ్లన్నీ చిందరవందరగా ఉన్నాయి, ఒక చోట సర్దుతా.”

సర్దుకోమన్నాను. అతడి ఎడమ కంటికి మొన్న మార్చిలో ఆపరేషను అయింది. కుడి కన్ను కూడా అంతంతమాత్రమే. కళ్లు బాగున్న రోజుల్లోనే సర్దలేనివాడు ఇప్పుడు సర్దుతాడట.

జూన్ 9, సోమవారం

నిన్న వైఫై పెట్టెను మేడమీదికి మార్చారు. ఈ రోజు ఫోల్డరు ఖాళీ. బావమరిది సర్దుడు ఇది కాబోలు. నాకు నష్టం లేదు. నా అధ్యాయాలను అందులోనే టైపు చేయడం మొదలుపెట్టాను.

జూన్ 13, శుక్రవారం

ప్రధానోపాధ్యాయుల మీద మూడు అధ్యాయాలు, తొలి సంవత్సరాలు, గ్రంథాలయం. మొత్తం ఐదు. చేతిప్రతిని టైపు చేస్తూ ప్రతి వాక్యాన్నీ మళ్లీ చెక్కాను. టైపు చేయడం అయిపోయిన చేతిరాత కాగితాన్ని ఎప్పటికప్పుడు చింపి పారవేశాను. ప్రతులు రెండు ఉంటే తప్పులు రెండు రకాలుగా ఉంటాయి. నిరుడు చేతిప్రతికి జిరాక్సు తీయించి బావమరిదికి పంపాను, చూసి వాక్యం ఎలా కట్టాలో నేర్చుకుంటాడని. నేర్చుకున్న దాఖలా లేదు.

ఫోల్డరులో అతడివి ఇంకా రాలేదు. ఐదు రోజులుగా సర్దుతున్నాడు.

జూన్ 14, శనివారం

“బావా, నీవి ఒక్కటీ రావట్లేదేమిటి?” అని ఫోను.

“నేను రోజూ పెడుతూనే ఉన్నాను. కళ్లు చూపించుకో.”

“చూపించుకునే వస్తున్నా” అన్నాడు.

జూన్ 16, సోమవారం

విసుగెత్తి ఆజ్ఞలు కొట్టే ఆ నల్లని తెర, టెర్మినల్, తెరిచి యంత్రాన్నే నిలదీశాను. ఫోల్డరు ఖాళీగా లేదు, కనుక మౌంట్ చేయను, అయినా చేయాలంటే ఫలానా మాట చేర్చు అని చెప్పింది. ఎంత మర్యాదస్థురాలు. ఆ మాట చేర్చాను. మరుక్షణం బావమరిది రాతలన్నీ ఫోల్డరులో వచ్చి కూర్చున్నాయి. కోడలు రెండు సంవత్సరాలు చదివి నేర్చుకున్న విద్య నాకు నలభై నిమిషాలు పట్టింది.

జూన్ 17, మంగళవారం

నా ఐదు అధ్యాయాలు లేవు.

నాలుగుసార్లు చూశాను. అతడివి ఉన్నాయి, నావి లేవు. నిన్న పొద్దునదాకా ఉన్నాయి. ఆ ఫోల్డరును తాకగలిగేవాళ్లు ఇద్దరే. ఒకణ్ణి నేను.

ఫోను చేశాను.

“నా అధ్యాయాలు ఎక్కడ?”

“ఏ అధ్యాయాలు? నాకు కనపడనే లేదు బావా. మొన్న అదే కదా చెప్పింది.”

“నిన్నటిదాకా నావే ఉన్నాయి. ఈ రోజు నీవే ఉన్నాయి. తీసింది ఎవరు?”

“నేనెందుకు తీస్తాను?”

“నీ ఏడవ అధ్యాయాన్ని నేను తీశాను గనుక.”



“తీసేశావా? పరిశీలనలో ఉందన్నావు.”

 “అది ఇక్కడ అప్రస్తుతం” అన్నాను.

“పోనీలే బావా, నీ చేతిరాత జిరాక్సు నా దగ్గరుంది. నేను...”

“దొంగ చేతి సాయం నాకు అక్కర్లేదు” అని పెట్టేశాను.

పరుషంగా మాట్లాడలేదు. ‘దొంగ’ తిట్టు కాదు, నామవాచకం. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. స్టవ్ ఆర్పి, పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నది.

జూన్ 19, గురువారం

భార్య మాట్లాడడం లేదు. నాకు చెప్పవలసినవన్నీ నా ఎదుటే కోడలితో చెబుతుంది. “మీ మామగారిని స్నానానికి లేవమను.” కోడలు నా వైపు తిరిగి అదే వాక్యాన్ని బహువచనంలోకి మార్చి చెబుతుంది. ఇంట్లో ఇన్నాళ్లకు ఒకరికి వ్యాకరణం వచ్చింది.

ఆమె తమ్ముడు కనుక ఆమెకు బాధ. నేను సత్యం వైపు ఉన్నాను.

జూన్ 20, శుక్రవారం

ఫోల్డరులో కొత్త ఫైలు. ‘బావ అధ్యాయం 1’. తెరిచాను. నాదే, తొలి సంవత్సరాల అధ్యాయం, కాని నేను టైపు చేసినది కాదు. మూడవ తరగతి పిల్ల కూడా చేయని తప్పులు. ఒత్తులు గాలికి వదిలాడు. రెండు చోట్ల పంక్తికి పంక్తే మళ్లీ వచ్చింది. మొదటి ప్రధానోపాధ్యాయుడు పాఠశాలకు ‘పునాది వేశారు’ అని నేను రాస్తే ‘పునాది వేళారు’ అని ఉంది.

అర్థమైంది. నా ప్రతిని తొలగించి, దాని స్థానంలో ఈ వికారాన్ని పెడుతున్నాడు. ముద్రణాలయం దీన్ని తీసుకుంటే తప్పులు నా పేరు మీద అచ్చవుతాయి. అతడికి ఇంత తెలివి ఉందని ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అనుమానం రాలేదు.

జూన్ 22, ఆదివారం

మూడవది వచ్చింది. మూడింటిలో కలిపి నూట తొంభై ఆరు తప్పులు. ఎర్రరంగులో గుర్తించి, సాక్ష్యంగా దాచాను.

జూన్ 23, సోమవారం

నాలుగవది, ఐదవది ఒకేసారి వచ్చాయి. మొత్తం మూడు వందల పన్నెండు. చివరి ఫైలు అడుగున ఒక మాట: “బావా, ఇవి దిద్దుకో. పుస్తకం మీద నా పేరు వద్దు. నావి కూడా నీ పేరుతోనే వేసుకో.”

భోజనాల దగ్గర చదివి వినిపించాను, అతడి గడుసుదనం ఎంతటిదో తెలియాలని. ఆరు రోజుల తరువాత భార్య నేరుగా నాతో మాట్లాడింది.

“మా మరదలు పొద్దున ఫోన్ చేసిందండీ. భూతద్దం పెట్టుకుని మీ జిరాక్సు కాగితాలు టైపు కొడుతున్నాడట. పొద్దున కూచుంటే సాయంత్రందాకా. డాక్టరు వద్దన్నా వినట్లేదట. ఎందుకండీ అంటే, బావ రాసింది పోయింది, ముప్పయ్యో తారీకు దగ్గరికొచ్చింది అంటున్నాడట.”

“పోగొట్టింది ఎవరు?”

“మీరు అలాగే అనుకోండి” అని కంచం తీసుకుని లేచిపోయింది.

జూన్ 24, మంగళవారం

నేరం చేసినవాడు పశ్చాత్తాపంతో తిరిగి టైపు చేయడం సహజమే. నా నిర్ణయం మారలేదు.

అయినా ఐదు రోజులలో నలభై పేజీలు, ఒక కన్నుతో.

జూన్ 25, బుధవారం

నేను పిలవలేదు. భార్య చెప్పగా కోడలు ఆఫీసుకు సెలవు పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నది. నేను రాసిన పంక్తులను వేలు పెట్టి రెండుసార్లు చదివింది. 

“ఈ మాట మీరే చేర్చారా మామయ్యగారూ?”

“ఏ మాట?”

“ఫోల్డరు ఖాళీగా లేకపోయినా పర్లేదు, మౌంట్ చెయ్యమని.”

“యంత్రం అడిగింది, చేర్చాను.”

“అడగలేదు. వద్దంది. మీరు పర్లేదన్నారు.”

ఒక ఆజ్ఞ కొట్టింది. బావమరిది రాతలన్నీ ఫోల్డరులోంచి మాయమైనాయి. వాటి కింద, అదే ఫోల్డరులో, నా ఐదు అధ్యాయాలు ఉన్నాయి. జూన్ 9 నుంచి 13 వరకు తేదీలతో. ఒక్క అక్షరం చెదరలేదు.

“వైఫై మేడమీదికెళ్లాక నెట్ ఆలస్యంగా వస్తోంది, అందుకే ఆ వారమంతా మౌంట్ అవ్వలేదు. మీరు మామూలు ఫోల్డరులో రాసుకున్నారు, మన ఇంట్లోనే. అవి క్లౌడ్‌లోకి వెళ్లనే లేదు, బాబాయిగారికి ఎలా కనిపిస్తాయి? పదహారున పైన మౌంట్ చేశారు. కింద ఉన్నవి కప్పబడిపోయాయి. ఎక్కడికీ పోలేదు.”

“అంటే ఎవరూ తీయలేదా?” అని భార్య గుమ్మంలోంచి అడిగింది.

“ఎవరూ తీయలేదు అత్తయ్యగారూ.”

భార్య నా వైపు చూసింది. ఏదైనా అంటుందనుకున్నాను. అనలేదు. అంటే బాగుండేది, నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వైఫై పెట్టెను మేడమీదికి మార్చింది నేను కాదు.

నా ఫైళ్లను కోడలు పుస్తకంలోకి చేర్చింది. నెట్ వచ్చేదాకా ఆగమనే పంక్తిని కూడా తానే రాసింది. “ఇక మామూలే మామయ్యగారూ” అన్నది. పూర్తి వాక్యమే.

జూన్ 26, గురువారం

బావమరిదికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఐదు చిత్తుప్రతులు. మొదటిదానిలో తప్పు యంత్రానిది. రెండవదానిలో వైఫై పెట్టెది. మూడవదానిలో వెబ్ పేజీ రాసిన భాషరానివాడిది. నాలుగవది చాలా బాగా కుదిరింది. అందులో ఎవరి తప్పూ లేదు. ఐదవది ‘ప్రియమైన’ దగ్గర ఆగింది.

జూన్ 27, శుక్రవారం

రాయలేదు.

జూన్ 28, శనివారం

తొమ్మిది గంటల బస్సుకు బయలుదేరాను. భార్య కూడా సంచీ తీసుకుని వచ్చింది. నేను రమ్మనలేదు, ఆమె వస్తాననలేదు. సంచీలో ఏడవ అధ్యాయం అచ్చుతీసిన కాగితాలు పెట్టుకున్నాను. పుస్తకంలో అది ఉండాలో వద్దో అతడితో ముఖాముఖి తేల్చుకోవాలి. సంపాదకుడి బాధ్యత అది.

బావమరిది కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద నా జిరాక్సు కాగితాలు, భూతద్దం, కంటిలో వేసుకునే చుక్కల మందు. కుడి కన్ను ఎర్రగా వాచింది.

“ఎవరూ, బావేనా? గుమ్మంలో గొంతు సవరించుకునేవాడు ఈ లోకంలో ఒకడే. అక్కా, నువ్వూ వచ్చావా? కూచో.”

కూర్చున్నాము. అతడి భార్య టీ తెచ్చింది. నా మొదటి వాక్యాన్ని బస్సులో మూడు గంటలు కట్టుకున్నాను. అది రాలేదు.

“నువ్వు తీయలేదు” అన్నాను.

“అది నాకు తెలుసు బావా. నాకు తెలియనిది ఏమైనా ఉంటే చెప్పు.”

“నా కంప్యూటరులోనే ఉన్నాయి. పైన నేనే కప్పాను. అది వద్దన్నది, నేను వినలేదు.”

అతడు భుజాలు కదిలేలా నవ్వాడు. “మరి నేను కొట్టిన నలభై పేజీలూ?”

“అవసరం లేదు.”

“తప్పులెన్ని? లెక్కపెట్టకుండా ఉండవు నువ్వు.”

“మూడు వందల పన్నెండు.”

“అంతేనా? నేను ఐదొందలనుకున్నా. చూశావా అక్కా, మీ ఆయన దగ్గర ఫస్టుక్లాసు.”

అతడి భార్య నవ్వలేదు. “రేపు మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లాలి అన్నయ్యగారూ” అన్నది. ఆమె నాతో అన్నది ఆ ఒక్క మాటే. 

“పుస్తకం మీద నీ పేరు ఉంటుంది” అన్నాను అతడితో.

“ఏడో అధ్యాయం లేకుండా వద్దు బావా. మిగతావి గోడలూ బెంచీలూ. అదొక్కటే నేను రాసింది. నచ్చలేదంటే పుస్తకం నీదే, నాకు కోపం లేదు.”

సంచీలోంచి కాగితాలు తీశాను.

“తెచ్చావా? అయితే చదువు. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఏం రాశానో నాకే మరుపొచ్చింది.”

చదివాను. నా గొంతు తరగతి చివరి బల్లదాకా వినిపించేది. ఈ రోజు ఆ చిన్నగదిలో రెండుసార్లు మళ్లీ చదవమన్నారు. వ్యాసం దగ్గరకు వచ్చింది. చింపిన చోట అతడు ఇలా రాశాడు: “ఒక ఉపాధ్యాయుడు ఆ కాగితాలను నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు, ఆ అమ్మాయి ఏడవకుండా ముక్కలు ఏరుకుని పుస్తకంలో పెట్టుకుని తలుపు మెల్లగా వేసి వెళ్లింది, తలుపు చప్పుడు కాకుండా వేసినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.” ఈ వాక్యంలో విరామచిహ్నాలు తప్పు. వాక్యం తప్పు కాదు.

ముగించి కాగితాలు సర్దాను.

“ఎవర్రా ఆ మాస్టారు?” అని భార్య తమ్ముణ్ణి అడిగింది. “నాకెప్పుడూ చెప్పలేదే మీరిద్దరూ.”

అతడు నా వైపు తిరగలేదు. చుక్కల మందు సీసా మూత బిగిస్తూ, “ఎవరో అక్కా. వెళ్లిపోయాడు. పాత సంగతి” అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా అతడు ఆ మాట ఎక్కడా అనలేదు. నా చేతిలో దొంగ అనిపించుకున్న రోజున కూడా అనలేదు. నేను టీ తాగాను. చల్లారిపోయింది.

జూన్ 29, ఆదివారం

తిరుగు బస్సులో భార్య కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. నాకు పట్టలేదు.

ఇంటికి రాగానే ఏడవ అధ్యాయాన్ని తిరిగి పుస్తకంలో పెట్టాను. మౌంట్ అయి ఉందో లేదో ముందు చూసుకున్నాను.

జూన్ 30, సోమవారం

తుదిప్రతి సిద్ధం. బావమరిది పేరు నా పేరు పక్కన, అదే పరిమాణంలో. అతడి అధ్యాయంలో విరామచిహ్నాలు మాత్రమే సవరించాను. ఒక్క చోట మాట మార్చాను. ‘ఒక ఉపాధ్యాయుడు’ అన్నది అస్పష్టం. అరవై ఏళ్లలో నూట పద్నాలుగు మంది పనిచేశారు. చదివేవాడు ఎవరినైనా అనుమానించవచ్చు. తప్పు చేయనివాడి మీద అనుమానం నిలపడం సంపాదకుడు చేయవలసిన పని కాదు. దాని స్థానంలో ‘ఈ పుస్తక సంపాదకుడు’ అని రాశాను.

పంపే ముందు ఏడవ అధ్యాయాన్ని అతడు వినాలన్నాడు. డాక్టరు పదిహేను రోజులు తెర చూడవద్దన్నాడట. ఫోనులో చదివి వినిపించమని కాగితాలు భార్యకు ఇచ్చి, పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమె నాలాగ కాదు, మెల్లగా, ఒకే స్వరంలో చదువుతుంది. ఆ వాక్యం దగ్గర ఆగింది.  తరువాత మళ్లీ మొదటినుంచి ఆ వాక్యం చదివింది, ఒక్కొక్క మాటా విడివిడిగా.

అవతల అతడు ఏమన్నాడో నాకు వినిపించలేదు.

“లేదురా, సరిగ్గానే చదివాను. ఇక్కడ అలాగే ఉంది” అన్నది ఆమె. తరువాతి వాక్యం అందుకున్నది.